ఇప్పిన బండి

కుడి ముందు చక్రం ఊడదీసి గోడకు ఆనించి, ప్రేమ్‌కుమార్ వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు. వినోద కొంగు నడుముకు చుట్టుకుని పక్కనే గొంతుక్కూర్చుంది.

"టార్చి ఇటు కొట్టు. ఆఁ, గక్కడ."

వెలుతురు పడ్డచోట రబ్బరు బూటు చుట్టూ చీలిపోయి ఉంది. అందులోంచి చిమ్మిన గ్రీజు చక్రం లోపలివైపంతా పడి, మట్టితో కలిసి నల్లగా గడ్డ కట్టింది.

"చూసినవా? బూటు పలిగింది. గ్రీజు బయటికొచ్చింది, దుమ్ము లోపలికి వొయింది. ఇగ లోపలి గుండ్లు అరగక ఏం జేస్తయి? అందుకే మలుపుకాడ టకటక కొడుతుంది."

"కొడితే ఏమైతది?"

"ఇంకొన్ని దినాలు నడుస్తది. ఒకనాడు లింగంపేట అడివిల ఇరిగి నిలబడుతది. ఒక్కదానివి అప్పుడేం జేస్తవ్?"

ఆ మాట అంటూ బయటికి జరిగి, మోచేతుల మీద లేచి నవ్వాడు. మస్కట్‌లో గ్యారేజీలో చేసి వచ్చినవాడు. పాత ఎయిట్ హండ్రెడ్ బండి అతనికి ఒక లెక్క కాదు. ఇల్లు చేరి రెండు నెలలు కాలేదు. అతను లేనప్పుడు వినోద కొనుక్కున్న బండి అది, నేర్చుకున్న డ్రైవింగు అది. వచ్చిన కొత్తలో అతను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెటు మీద అరచేయి పెట్టి, "మంచిగనే ఉంచినవ్" అన్నాడు. 

గొట్టం పానాకు ఇనుప పైపు తొడిగి అతను చక్రం నడిమి నట్టును ముందే వదులు చేసి పెట్టుకున్నాడు. ఇప్పుడు కింది బోల్టు తీశాడు. చక్రం దిమ్మెను తనవైపు గుంజి, సుత్తితో షాఫ్టు చివర మెల్లగా కొట్టాడు. ఒక్కొక్కటి తీస్తూ దేనికి ఏది పనిచేస్తుందో వినోదకు చెప్పాడు. ఈ కొస గేర్ బాక్సులకు పోతది, ఈ కొస చక్రానికి పోతది, ఇంజను బలమంత దీని మీదికెళ్ళే చక్రానికి అందుతది. వినోద స్టీలు పళ్ళెంలో బోల్టులు వరసగా పెట్టుకుంటూ విన్నది. చాలా ఏళ్ళకు అతను అంతసేపు ఆమెతో మాట్లాడాడు. ఆమెకు సంతోషంగా కూడా అనిపించింది.

గోడ అవతలి నుంచి పక్కింటి సుకన్య మెడ ఎత్తి చూసింది.

"నీ నసీబు మంచిగుంది వినోదా. మా ఆయన సైకిలు చైను గూడ ఎయ్యడు. ఇంట్లనే మెకానిక్కు ఉంటె ఇంకేం గావాలె!"

ప్రేమ్‌కుమార్ కడ్డీతో లోపలి కొసను ఒక్క ఎత్తు ఎత్తాడు. షాఫ్టు ఊడి చేతుల్లోకి వచ్చింది. దాని వెనకే గేర్ ఆయిల్ జారి కింది తట్టలో పడింది. వసారాలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న అత్త రాములవ్వ తల ఎత్తి ఒకసారి ఇటు చూసింది. మళ్ళీ తునికాకు తీసి కత్తెర పెట్టింది.

"సోమవారం వరకు అయితదా?" అంది వినోద. కామారెడ్డిలో ఆమె నర్సుగా చేసే దవాఖానలో రక్తం శుద్ధిచేసే యంత్రాలు కొత్తగా ఇంకొన్ని వచ్చాయి. సోమవారం నుంచి పొద్దున ఆరు గంటల షిఫ్టు మొదలు. దానికి ఆమెనే ఇన్‌చార్జి చేశారు. ఎల్లారెడ్డిలో మొదటి బస్సు పట్టుకున్నా ఆరింటికి అక్కడ ఉండలేదు.

"రెండు దినాల పని. నీకెందుకు రంది?"

నడిమి నట్టును గుడ్డతో తుడిచి, పళ్ళెంలో పెట్టకుండా అంగీ జేబులో వేసుకున్నాడు.

*

మరునాడు బైకు మీద ఆమెను దవాఖాన ముందు దింపి, "సామాను దుకాండ్లకు పోతున్న" అని వెళ్ళాడు. సాయంత్రం ఆమె బయటికి వచ్చేసరికి ఎదురుగా చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో జామకాయల సంచి ఉంది.

"దొరికిందా?"

"లేదంట. హైదరాబాదు నుంచి రావాలె. పా, ఎక్కు."

గ్లాసులు కడుగుతున్న చాయ్ బండి ఆయన వినోదను గుర్తుపట్టి నవ్వాడు. "అన్న మీకోసం పొద్దుగాల్ల సంది గీడనే కూసున్నడు సిస్టర్. ఎండకు గూడ లేవలే."

బైకు వెనక కూర్చున్నాక ఆ మాట ఆమెకు మళ్ళీ గుర్తొచ్చింది. పొద్దున్నుంచీ ఇక్కడే ఉంటే దుకాణానికి ఎప్పుడు పోయినట్టు? అడుగుదామని ముందుకు వంగింది. గాలికి అతనికి వినపడదనుకుని ఊరుకుంది.

తెల్లారి లేచి చూస్తే బండి బానెటు లేచి ఉంది. బ్యాటరీ లేదు.

"ఊకె నిలబడితే దిగిపోతది. తీసి లోపల పెట్టిన," అన్నాడు ప్రేమ్‌కుమార్ పళ్ళు తోముకుంటూ.

ఆ తర్వాత గోడకు ఆనించిన చక్రం కనిపించలేదు. గాలి తగ్గుతుందని అది కూడా లోపలికి పోయింది. ఆ మరునాడు బండి మీద నీలం టార్పాలిన్ పడింది. నాలుగు మూలలా తాడుతో కట్టి, ముడులు కారు కిందివైపుకు తిప్పాడు. చిలుకలు రెట్టలు వేస్తున్నాయన్నాడు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది. ప్రతి కారణమూ సబబుగానే ఉంది. కానీ పొద్దున లేచి వాకిట్లోకి వస్తే బండి నిన్నటికంటే ఇంకొంచెం తక్కువగా కనిపించేది. కుడివైపు రాళ్ళ మీద నిలబెట్టిన ఆ నీలం మూటను చూస్తే ఆమెకు ఎందుకో గుడ్డ కప్పిన మనిషి గుర్తొచ్చేవాడు.

వినోద బస్సులో పోయి వచ్చింది. నిలబడే పోయింది, నిలబడే వచ్చింది. డ్యూటీలో ఉండగా ఫోను మోగేది. గొట్టాలు అమర్చిన మనిషిని వదిలి ఎత్తలేకపోయేది. తర్వాత చేస్తే, "ఏం లేదు, ఊకెనే చేసిన. ఏడున్నవ్?" అనేవాడు. దవాఖానల కాకపోతే ఏడుంట అని ఆమె అనలేదు.

అతను అరిస్తే బాగుండేది. అరిచేవాళ్ళకు ఏదో ఒకటి జవాబు చెప్పవచ్చు. అతను ఇంట్లో కూర వండి పెడుతున్నాడు. బస్సు దిగేచోటుకు ఎదురొస్తున్నాడు. ఆమె చేతిలో సంచి అందుకుంటున్నాడు. వాడకట్టు అంతా అతన్ని మెచ్చుకుంటున్నది.

*

శనివారం మధ్యాహ్నం దవాఖానలో అందరి డ్యూటీలు చూసే సీమోను సార్ ఆమెను పక్కకు పిలిచాడు. మంచి మనిషి, మాట మెత్తన. ఆ రోజు మొహం మరీ మెత్తగా పెట్టుకున్నాడు.

"మీరు మానేస్తున్నట్టు ముందే చెప్తె బాగుండు సిస్టర్. వేరేవాళ్ళను చూసుకునేటోన్ని."

"నేనెప్పుడన్న సార్?"

"మీ ఆయన వచ్చి చెప్పిండు. మొన్ననే. ఇంట్ల అత్తమ్మకు మంచిగ ఉంటలేదట, మీరు అడగడానికి మొహమాటపడుతున్నరట. చానా మర్యాదగ మాట్లాడిండు."

 వినోద చేతులు కడుక్కునే తొట్టి అంచు పట్టుకుంది.

"నేను మానేస్తలేను సార్."

"నేను ఇండ్ల మాటల్ల తల దూర్చ. సోమవారం ఆరింటికి పేషెంట్లు వచ్చి కూసుంటరు. మీరుంటె మీరే ఇన్‌చార్జి. లేకుంటె నాకు వేరే తొవ్వ లేదు."

డ్యూటీ దిగి ఆమె బస్టాండుకు పోలేదు. నిజాంసాగర్ చౌరస్తా దాటి, పాత సామాన్ల దుకాణాలున్న వరసలోకి నడిచింది. ప్రేమ్‌కుమార్ నోట చాలాసార్లు విన్న పేరు సిద్దిరాములు దుకాణం. లోపల గొలుసులు, బెల్టులు వేలాడుతున్నాయి. ముసలాయన స్టూలు మీద కూర్చుని బేరింగు ఒకటి చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతున్నాడు.

"ఎయిట్ హండ్రెడ్‌కు కుడిదిక్కు షాఫ్టు కావాలె. హైదరాబాదు నుంచి వచ్చిందా అన్నా?"

"హైదరాబాదు ఎందుకు చెల్లె? ఎప్పటికి ఉంటది నా కాడ. ఏ ఊరు మీది?"

"ఎల్లారెడ్డి."

"ఎల్లారెడ్డా? మస్కట్‌ల చేసొచ్చిన ప్రేమ్‌కుమారు తీస్కపోయిండు గద, అసొంటిదే."

"ఎప్పుడు?"

"బండి ఇప్పకముందే తీస్కపోయిండు. ముందు సామాను దగ్గర పెట్టుకుని ఇప్పుతడన్నడు. హుషారు మనిషి." ముసలాయన ఏదో గుర్తొచ్చినట్టు లేచి, కింది అరలోంచి ఒక డబ్బా తీశాడు. "గేర్ ఆయిల్ మాత్రం గీడ మర్సిపోయిండు. షాఫ్టు ఇప్పితె ఆయిల్ అంత కారుతది, గిది పొయ్యకుంట తోలితె గేర్ బాక్సు కాలుతది. మీరు వాళ్ళ తాలూకేనా? ఇస్తరా?"

వినోద డబ్బా అందుకుంది. అన్నం గిన్నె తీసి డబ్బాను సంచి అడుగున పెట్టి, దానిమీద గిన్నె పెట్టింది. మీద తువాలు కప్పింది. ఎందుకు దాస్తున్నదో ఆమెకే తెలియదు. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి.

బస్సు లింగంపేట దాటి అడవిలోకి వచ్చేసరికి ఎండ తగ్గింది. టేకు చెట్ల నీడలు అద్దాల మీదుగా పోతుంటే ఆమె దొంగతనం చేసిన మనిషిలాగా సంచి ఒళ్ళో అదిమి పట్టుకుని కూర్చుంది. 

ప్రేమ్‌కుమార్ బస్సుకు ఎదురొచ్చాడు. సంచి కోసం చేయి చాపాడు.

"వద్దు, బరువేం లేదు," అంది.

అతను చేయి వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే తల దువ్వుకున్నాడు.

ఇంటికి వచ్చాక వాకిట్లో కూర్చుని తీసేసిన షాఫ్టును కిరసనాయిల్‌తో కడగడం మొదలుపెట్టాడు. అరిగిపోయినదాన్ని, ఇక ఎందుకూ పనికిరానిదాన్ని, కుంచెతో పన్ను పన్నునూ తోముతున్నాడు. వినోద ఎదురుగా నిలబడింది.

"సామాను వచ్చిందా?"

అతను తలెత్తి సూటిగా ఆమె కళ్ళల్లోకి చూశాడు. "రాలే."

రెప్ప కూడా వాల్చలేదు.  పట్టుబడతానన్న భయం ఆ చూపులో ఎక్కడా లేదు. తెలిస్తే తెలిసిందిలే అన్నట్టుంది.

"సోమవారం ఎట్ల మరి?"

"సోమవారానికేంది? సారుతోటి నేను మాట్లాడిన. చెప్పలేదా ఆయన?"

"నన్నొక మాట అడగాలె గద."

"అడుగుడేంది వినోదా? నేను లేనినాడు తిప్పలు పడ్డవు. ఇప్పుడు నేనున్న." కుంచె పక్కన పెట్టి, ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. వేలికి ఎక్కడో అంటిన నల్లటి మరకను పాతగుడ్డతో తుడిచాడు. తుడవడం అయిపోయాక కూడా చేయి వదలలేదు. "అరిగిన సామాను ఎంత మెల్లగ తోలినా ఒకనాడు ఇరుగుతది. అందుకే ముందుగాల్నే తీసి పక్కకు పెట్టాలె."

వసారాలో కత్తెర చప్పుడు ఆగింది. రాములవ్వ ఆకు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ప్రేమ్‌కుమార్ చేయి వదిలాక కత్తెర మళ్ళీ నడిచింది.

*

ఆదివారం బీర్కూర్‌లో అతని మేనత్త కొడుకు కొత్తింట్లోకి పోతున్నాడు. ఇద్దరూ పోవాలని ప్రేమ్‌కుమార్ ముందే అన్నాడు. వినోద చీర కట్టుకుని తయారై బయటికి వచ్చింది. అప్పుడు రాములవ్వ గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని ఉంది.

"నాకు తెల్లారుజాము సంది కడుపుల తిప్పుతుందిరా. లేస్తె కండ్లు తిరుగుతున్నయి."

"దవాఖానకు పోదామా అవ్వా?"

"దవాఖాన ఇంట్లనే ఉండె గద. దీన్ని ఉంచిపో. గోలి ఇస్తది, సూదేస్తది."

ప్రేమ్‌కుమార్ తల్లిని చూశాడు, భార్యను చూశాడు. టార్పాలిన్ తాళ్ళు ఒకసారి గుంజి చూసుకున్నాడు. "పొద్దుమూకె వరకు వస్త," అని బైకు ఎక్కాడు.

వినోద లోపలికి పోయి మాత్రలు, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. రాములవ్వ కళ్ళు తెరిచింది. బైకు చప్పుడు సందు చివర పూర్తిగా పోయేదాకా విని, చాట ఒళ్ళోకి లాక్కుంది.

"గోలీలు లోపల పెట్టు. వడ్ల బస్తాల ఎనుక చూడు పో."

"ఏముంది అత్తా?"

ముసలామె తల ఎత్తలేదు. తంబాకు చిటికెడు తీసి ఆకులో పరిచి, చుట్టి, కొస మలిచి, దారం వేసింది. "పొడుగు డబ్బ. చక్రం గూడ గాడనే ఉంది. కరెంటు డబ్బ సజ్జ మీద ఉంది."

వినోద గ్లాసు కింద పెట్టింది. "నీకు ముందే తెలుసా?"

"నా ఇంట్ల నాకు తెల్వకుంట ఏముంటది?"

ఆ మాటకు ఆమెకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ చేసేందుకు తీరిక లేదు. వడ్ల బస్తాలు జరిపి చూస్తే డబ్బా ఉంది. టేపు కూడా కోయలేదు. లోపల కొత్త షాఫ్టు, నూనె కాగితంలో చుట్టిన కొత్త నట్టు, సన్నటి పిన్ను ఉన్నాయి.

టార్పాలిన్ ముడులు విప్పడానికే గోళ్ళు విరిగాయి. కింద గోనెసంచి పరుచుకుని పడుకుంది. అతను ఏ వరసలో తీశాడో ఆ వరసను మనసులో వెనకనుంచి ముందుకు తిప్పుకుంది. షాఫ్టు అనుకున్నదానికంటే బరువుంది. లోపలి కొసను గేర్ బాక్సు రంధ్రానికి పెట్టి తోస్తే సగం పోయి ఆగింది. మళ్ళీ తీసి, తుడిచి, పళ్ళు కలిసేదాకా కొంచెం కొంచెం తిప్పుతూ తోసింది. పోలేదు. చెమట చేతుల్లోంచి షాఫ్టు జారి బొటనవేలు మీద పడింది. నెత్తురు కారుతున్న వేలు నోట్లో పెట్టుకుని కారు కింద కాసేపు కళ్ళు మూసుకుంది. వీధిలో ఏ బైకు పోయినా ఊపిరి బిగబట్టింది.

రెండు కాళ్ళూ అవతలి రాయికి తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి తోసింది. లోపల ఎక్కడో చిటుక్కుమంది. షాఫ్టు పట్టుకుని గుంజి చూసింది, ఊడలేదు.

అక్కడి నుంచి పని తేలికైంది. దిమ్మెను బయటికి గుంజి రెండో కొస చక్రం వైపు దూర్చింది. కింది బోల్టు బిగించింది. ఆయిల్ డబ్బాకు సన్న గొట్టం పెట్టి, పైనుంచి గేర్ బాక్సులోకి మెల్లగా పోసింది. చక్రం ఎక్కించి, కింది రాళ్ళు తీసి జాకీ దించింది. బ్యాటరీ మోసుకొచ్చేసరికి నడుము పట్టేసింది. ఇక నడిమి నట్టు మిగిలింది. పైపు తొడిగి బలంగా అదిమితే బండే ముందుకు ఊగుతున్నది, నట్టు బిగుసుకోవడం లేదు. ఎవరో ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కిపట్టాలి.

"అత్తా," అని పిలిచింది.

రాములవ్వ చాట దించి, ఒళ్ళో పొడి దులుపుకుని వచ్చింది. కారు తలుపు దగ్గర నిలబడి సీటు వైపు అనుమానంగా చూసింది.

"నాకు నడుపరాదు పిల్లా."

"నడుపుడు లేదు. గా నడిమి దాని మీద కాలు పెట్టి ఒత్తిపట్టు. నేను వదులుమనేదాక వదలకు."

ముసలామె ఎక్కి కూర్చుంది. చెప్పుల్లేని కాలు, మడమ నిండా పగుళ్ళు. ఆ కాలు బ్రేకు మీద పెట్టి అదిమింది. వినోద పైపు మీద ఒళ్ళంతా వేసింది. నట్టు కిర్రుమని కదిలింది. ఇంకొంచెం కదిలింది.

"వీని బాపు నా చెప్పులు దాసెటోడు," అంది రాములవ్వ, ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ. "సంతకు పోదామని లేస్తె ఉండకపొయ్యేటియి. కుక్క ఎత్తుకపోయిందనెటోడు. కొన్నొద్దులకు కొత్తయి తెచ్చిచ్చెటోడు, మంచిగ. మల్ల అయ్యి గూడ పొయ్యేటియి."

"నువ్వేం జేసినవ్?"

"ఏం జేస్త? చెప్పులు ఏసుకునుడు ఇడిచిపెట్టిన. ఇంట్లనే ఉన్న."

వినోద పిన్ను దూర్చి, కొసలు రెండువైపులా మలిచింది. లేచి, అత్తను దింపి తను సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పితే మూడోసారికి బండి అందుకుంది. వాకిట్లోనే కాస్త ముందుకూ వెనక్కూ తోలి ఆపింది. మొహం మీద చెమట, గ్రీజు కలిసి కారుతున్నాయి. ఆమెకు తెలియకుండానే నవ్వు వచ్చింది.

రాములవ్వ నవ్వలేదు. "ఇప్పుడే పోతవా?"

"ఇప్పుడేడికి అత్తా? డ్యూటీ రేపు గద."

 ముసలామె చేయి చాపి తాళంచెవి తీసుకుని నడుముకున్న గుడ్డసంచిలో వేసుకుంది.

*

ప్రేమ్‌కుమార్ వచ్చేసరికి పొద్దు కుంకుతున్నది. నాలుగు చక్రాల మీద నిలబడ్డ బండిని చూసి బైకు ఆపాడు.  కుడి చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, నట్టు మీద వేళ్ళు పెట్టి, పిన్ను కొసలు తడిమాడు.

"మంచిగనే చేసినవ్," అన్నాడు.

కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు. బీర్కూర్‌లో ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు అడిగారో చెప్పాడు. చేయి కడిగాక నెమ్మదిగా అడిగాడు: "తాళంచెవి ఏడుంది?"

"నా కాడుంది," అంది రాములవ్వ.

"ఇయ్యి అవ్వా. రేపు నేనే తోల్త. దింపి సాయంత్రం దాక ఆడనే ఉంట."

"తెల్లారనియ్యి."

అతను నవ్వాడు. మంచం ఎత్తుకుపోయి బండి పక్కన వేసుకుని పడుకున్నాడు.

వినోదకు కునుకు పట్టలేదు. పట్టిందనుకునేసరికి కోడి కూసింది. గబగబా స్నానం చేసి, చీర కట్టుకుని, జుట్టు ముడి వేసుకుంటూ వసారాలోకి వచ్చింది. ఇంకా మసక చీకటే. వెనక గోడంతా ఎర్రగా వెలుగుతున్నది. ఒక్క క్షణం మంట అనుకుంది.

మంట కాదు, బండి వెనక లైట్లు. లోపల, డ్రైవరు సీట్లో రాములవ్వ కూర్చుని ఉంది. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, కాలు బ్రేకు మీద అదిమిపెట్టి ఉంది. కుడి చక్రం పక్కన జాకీ పడి ఉంది. ప్రేమ్‌కుమార్ చేతిలో గొట్టం పానా పట్టుకుని తలుపు దగ్గర వంగి ఉన్నాడు. తల్లి లోపల ఉండగా బండిని ఎత్తలేక నిలబడిపోయాడు.

"దిగు అవ్వా," అంటున్నాడు మెత్తగా. అలా ఎన్నిసార్లు అన్నాడో.

"దిగ."

"దీని సంగతి నీకేం తెలుసు?"

"బ్రేకు తొక్కుడు తెలుసు."

వినోద బండి దగ్గరికి నడిచింది. ప్రేమ్‌కుమార్ తలతిప్పి చూశాడు. పానా పట్టుకున్న పిడికిలి బిగుసుకుంది. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ కాలు కదలదని తెలుసు. అతనికీ తలుపుకూ మధ్య ఉన్న సందులోకి ఒళ్ళు పక్కకు తిప్పి దూరింది. అతని ఊపిరి ఆమె మెడకు తగిలింది. రాములవ్వ చీర కుచ్చెళ్ళు కూడదీసుకుని గేరు కర్ర మీదుగా కష్టపడి అవతలి సీటుకు జరిగింది. గుడ్డసంచి విప్పి తాళంచెవి ఇచ్చింది.

బండి అందుకుంది. ముందు లైట్లు వేసేసరికి ప్రేమ్‌కుమార్ గేటు దగ్గర ఉన్నాడు, గేటుకు వీపు ఆనించి. వెలుతురు కళ్ళలో పడుతున్నా చేయి అడ్డం పెట్టుకోలేదు. గోడ అవతల సుకన్య వాళ్ళ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. వాకిలి ఊడ్చే చీపురు రెండుసార్లు పలికి ఆగిపోయింది.

రాములవ్వ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"గేటు తియ్యి బిడ్డా."

అతను కదల్లేదు. గోడ మీదుగా సుకన్య తల కనిపించింది. ప్రేమ్‌కుమార్ ఆమెను చూశాడు. మెల్లగా అతని మొహం మీదికి రోజూ ఉండే నవ్వు వచ్చింది. ఒక రెక్క తీశాడు. కాసేపటికి రెండోది కూడా తీశాడు. బండి పక్కనుంచి పోతుంటే వంగి కిటికీ అంచు మీద చేయి వేశాడు.

"నిదానంగ పో. ఎడమదిక్కుది గూడ అరిగినట్టుంది. సాయంత్రం రాంగనె ఇప్పుత."

వినోద గేరు మీద చేయి వేసింది. జవాబు అవతలి సీటు నుంచి వచ్చింది.

"సాయంత్రం మేమొస్తె గదరా."

చేయి కిటికీ మీంచి జారింది. వినోద సందు మలుపు తిరిగి, బస్టాండు దాటి, కామారెడ్డి రోడ్డు ఎక్కింది.  వెనక ఏ బండి లైటు కనిపించినా ఆమె చేతులు స్టీరింగు మీద బిగుసుకునేవి. అది దాటిపోయాక వదులయ్యేవి. లింగంపేట దగ్గర తూర్పు తెల్లబడింది. అప్పుడు చూసింది వెనక సీటు మీద మూటను. పాత దుప్పటిలో కట్టిన పెద్ద మూట. పక్కన చాట, కత్తెర. మూట సందులోంచి తన ఆకుపచ్చ చీర అంచు కనిపిస్తున్నది.

అత్త మాట కోపంతో అన్నది కాదని అప్పుడు అర్థమైంది ఆమెకు. రాత్రంతా తను మంచం మీద దొర్లుతుంటే పక్క గదిలో ఈమె ఒక్కొక్కటీ మడత పెట్టి మూట కట్టుకుని, అతను లేవకముందే తెచ్చి బండిలో పెట్టుకున్నది.

"అత్తా," అంది. 

రాములవ్వ రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. కాలు మాత్రం ఇంకా నేలకు అదిమిపెట్టే ఉంది, అక్కడ తొక్కడానికి ఏమీ లేకపోయినా.

"కామారెడ్డిల అర్ర కిరాయికి దొరుకుతదా?" అని అడిగింది.

"దొరుకుతది."

"బీడీలు చేసుకునేటోళ్ళకు గూడ ఇస్తరా?"